నొప్పి మాత్రల కవరు: నికరాగువా చెరకు ఊళ్లో ఒక కిడ్నీ కేసు

ఈ కేసు 2017 ఫిబ్రవరిది. చోటు నికరాగువా దేశంలో చినాందేగా జిల్లా, చిచిగల్పా చుట్టుపక్కల చెరకు ఊళ్లలో ఒకటి. అమెరికా నుంచి వెళ్లిన ఒక వాలంటీర్ మెడికల్ టీమ్‌లో ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్‌గా నేనూ ఉన్నాను. పేషెంట్ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. అయినా వయసు, ఇంటి వివరాలు కొంచెం మార్చాను, ఊరి పేరు చెప్పను, ల్యాబ్ అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను. విదేశీ పల్లెల్లో క్యాంపులకి వెళ్దామనుకునే మన డాక్టర్లు, నర్సులు, ఫార్మసీ పిల్లలు ఈ మధ్య తరచుగా "ఏమేం తీసుకెళ్లాలండీ" అని అడుగుతున్నారు. ఏం తీసుకెళ్లకూడదో ఎవరూ అడగరు. ఈ కేసు ఆ రెండో ప్రశ్న గురించి.

ఆ ప్రాంతం, ఆ జబ్బు

నికరాగువా పసిఫిక్ తీరం వైపు అంతా పల్లపు నేల, కనుచూపు మేర చెరకు. వెనకాల సాన్ క్రిస్తోబల్ అగ్నిపర్వతం, 1745 మీటర్లు, ఆ దేశపు అగ్నిపర్వతాల్లో అన్నిటికంటే ఎత్తైనది. కోత సీజన్ నవంబర్‌లో మొదలై ఏప్రిల్, మే దాకా నడుస్తుంది, అంటే సరిగ్గా వానల్లేని, ఎండ మండే నెలల్లో. ఆకు, పాములు పోవడానికి ముందు రోజే తోటకి నిప్పు పెడతారు. తెల్లారేసరికి ఆ మసిలో, పొడుగు చేతుల చొక్కాలు, బూట్లు, టోపీ కింద తలకి గుడ్డ, ఇవన్నీ వేసుకుని కోత మొదలెడతారు. కూలీ టన్నుల లెక్కన. నీడకి వెళ్లి పది నిమిషాలు కూర్చుంటే ఆ పది నిమిషాల డబ్బు పోయినట్టే.

1990ల నుంచీ ఈ ఊళ్లలో ముప్ఫై, నలభై ఏళ్ల మగవాళ్లు కిడ్నీలు చెడిపోయి పోతున్నారు. షుగరు లేదు, బీపీ పెద్దగా లేదు, కాళ్ల వాపు లేదు, మూత్రంలో ప్రోటీన్ పోవడం కూడా నామమాత్రం. ఇలాంటి రోగుల గురించి 2002లో ఎల్ సాల్వడార్ రాజధాని సాన్ సాల్వడార్ డాక్టర్లు మొదటగా రాశారు. తర్వాత నికరాగువా, కోస్టారికా, గ్వాటెమాలా తీరాల్లో కూడా అదే కథ బయటపడింది. ఇప్పుడు దాన్ని మెసోఅమెరికన్ నెఫ్రోపతీ, అంటే మధ్య అమెరికా కిడ్నీ జబ్బు అంటున్నారు. 2013లో పాన్ అమెరికన్ హెల్త్ ఆర్గనైజేషన్ దీన్ని తీవ్రమైన ప్రజారోగ్య సమస్యగా తీర్మానం చేసింది. చిచిగల్పా దగ్గర ఒక పేటని విధవరాళ్ల దీవి అనే పిలుస్తారు, అక్కడ నీళ్లు లేవు, దీవీ కాదు.

కారణం పూర్తిగా తేలలేదు. ఎండలో ఒళ్లు వంచి పనిచెయ్యడం, రోజూ డీహైడ్రేషన్, దాంతో కిడ్నీకి రోజూ కాస్త కాస్త దెబ్బ తగులుతూ పోవడం, దీన్నే ఇప్పుడు చాలామంది గట్టిగా నమ్ముతున్నారు. పురుగు మందులు, లోహాలు, ఇన్ఫెక్షన్లు, జన్యువులు కూడా చర్చలో ఉన్నాయి. నొప్పి మాత్రలే దీనికి మూలం అని ఎవరూ అనడం లేదు, నేనూ అనను. కానీ ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీ మీద అవి ఏం చేస్తాయో మెడికల్ కాలేజీలో సెకండియర్‌లోనే చెప్తారు.

మనవాళ్లకి ఇది చదవగానే ఉద్దానం గుర్తొస్తుంది. నాకూ అంతే. నేను హౌస్ సర్జన్సీ చేసింది విశాఖ కేజీహెచ్‌లో. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే కిడ్నీ పేషెంట్లతో వార్డు నిండిపోయేది. అయితే రెండూ ఒకటే అనేసుకుంటే దెబ్బ తింటాం. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి రైతులు, ఆడవాళ్లు కూడా బాగా కనిపిస్తారు. నికరాగువాలో ఎక్కువగా చెరకు కోసే మగవాళ్లు. రెండుచోట్లా ఒకటే కనిపించింది ఏంటంటే, ఒళ్లు నొప్పులకి మందు చాలా తేలిగ్గా, అడిగిందే తడవుగా, ఎవరో ఒకరు ఇచ్చేస్తారు. శ్రీకాకుళంలో ఆర్ఎంపీ, అక్కడ పుల్పెరియా అనే కిరాణా కొట్టు. వాళ్లతో పాటు మనలాంటి క్యాంపులవాళ్లు.

క్యాంప్ ఎలా నడిచేది

బడిలో మూడు గదులు. ఒకదాంట్లో పేరు, బీపీ, బరువు, ఒకదాంట్లో డాక్టర్లు, చివరిదాంట్లో ఫార్మసీ. వాళ్ల ఆరోగ్య శాఖని మిన్సా అంటారు, దాని అనుమతి లేకుండా ఏ టీమూ క్యాంప్ పెట్టకూడదు, డాక్టర్ల సర్టిఫికెట్లు, మందుల లిస్టు ఎక్స్‌పైరీ తేదీలతో సహా ముందే పంపాలి. ఈ కాగితాల పనికి టీమ్‌లో చాలామంది విసుక్కుంటారు గానీ నాకు అది న్యాయంగానే అనిపిస్తుంది. మన జిల్లాలో ఎవరో విదేశీ స్టూడెంట్లు వచ్చి బడిలో కూర్చుని మందులు పంచితే మనం ఊరుకుంటామా?

ఊరి ఆరోగ్య కేంద్రంలో ఒక డాక్టరమ్మ ఉండేవారు. అక్కడ చదువు అయ్యాక రెండేళ్లు సోషల్ సర్వీస్ చెయ్యాలి, ఆవిడ అందులో ఉన్నారు. ఆవిడతో పాటు బ్రిగదిస్తాలు, అంటే మన ఆశా కార్యకర్తల్లాంటి ఊరి వాలంటీర్లు. ఈ కేసులో పనికొచ్చిన పని అంతా నిజానికి వీళ్లు చేసిందే, మేం కాదు.

పేషెంట్

31 ఏళ్ల మగ మనిషి. పదహారో ఏట నుంచి చెరకు కోత. భార్య, ఇద్దరు పిల్లలు. వచ్చింది మూత్రంలో మంట, నడుం నొప్పి, రాత్రిళ్లు పిక్కలు పట్టెయ్యడం, నీరసం కోసం. ఈ మూత్రంలో మంటని అక్కడ చిస్తాతా అంటారు, కోత సీజన్లో కూలీలందరికీ అది మామూలే, దానికి ఆసుపత్రికి ఎందుకు అన్నట్టు చెప్తారు. అతను వచ్చింది కూడా భార్య పోరు పడలేకే. మంట మొదలై మూడు వారాలు దాటింది. అంతకుముందు కొట్లో అడిగితే రెండు ఇంజెక్షన్లు చేశారట, జెంటామైసిన్ అని తర్వాత ఖాళీ సీసా చూస్తే తెలిసింది.

బీపీ 126/80. బరువు 58 కేజీలు. జ్వరం లేదు, కామెర్లు లేవు, కాళ్ల వాపు లేదు. నాలుక ఎండిపోయి ఉంది. నిలబెట్టి చూస్తే నాడి బాగా పెరిగింది. తండ్రి నలభై రెండేళ్లకి పోయాడు. ఎలా పోయాడంటే "క్రియాటినిన్‌తో" అన్నాడు. క్రియాటినిన్ అంటే కిడ్నీ సరిగ్గా పనిచెయ్యకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం, ఆ ఊళ్లో అందరూ ఈ జబ్బుని ఆ పేరుతోనే చెప్తారు.

ఇంటర్ప్రెటర్‌గా కూర్చున్నది మనాగువా నుంచి వచ్చిన కాలేజీ పిల్ల. "మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగించాను. లేదన్నాడు. ఇక్కడ ఆగిపోతే కేసు మూత్రంలో ఇన్ఫెక్షన్ అని రాసి, ఒక యాంటీబయాటిక్ ఇచ్చి పంపేసేవాళ్లం, క్యూలో వెనకాల వందమంది ఉన్నారు మరి. నేను ఎప్పుడూ ఇంకో ప్రశ్న విడిగా అడుగుతాను, అది కేజీహెచ్ నేర్పింది. "ఒళ్లు నొప్పులకి ఏం వేసుకుంటారు?"

అప్పుడు భార్య సంచిలోంచి జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరు తీసింది.

కవరులో ఏముంది

ఐబుప్రొఫెన్ 200 మిల్లీగ్రాములవి, మల్టీవిటమిన్, రెండు ఆల్బెండజోల్ (నులిపురుగుల మాత్రలు). కవరు మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ, అంటే పొద్దున ఒకటి రాత్రి ఒకటి. నాలుగు నెలల క్రితం పక్క ఊరికి వచ్చిన వేరే టీమ్ పెద్దవాళ్లందరికీ ఇలాంటి కవరు ఒకటి చేతిలో పెట్టిందట. జబ్బు ఏంటని చూడకుండా, వచ్చినవాళ్లు ఉత్తి చేతులతో వెళ్లకూడదని. ఇలాంటి కవర్లు చాలా టీమ్‌లు ఇస్తాయి. వెయ్యి మాత్రల డబ్బా అమెరికాలో చాలా చవక, విరాళం ఇచ్చేవాళ్లు సంతోషంగా ఇస్తారు, లెక్కల్లో "ఇన్ని వేల మందికి మందులిచ్చాం" అని రాసుకోవచ్చు.

అతను రోజుకి రెండు వేసుకోవడం లేదు. ఒకటి పనిచెయ్యడం లేదని కోతకి వెళ్లేముందు మూడు, రాత్రి మూడు వేసుకునేవాడు. కవరు అయిపోతే తమ్ముడి కవరు, బావమరిది కవరు. అవీ అయిపోయాక కొట్లో విడిగా కొనేవాడు. "అమెరికా డాక్టర్లు ఇచ్చిన మాత్రే కదా" అన్నాడు, నాకు తగిన జవాబు దొరకలేదు.

కొత్తగా వెళ్లే స్టూడెంట్ల కోసం ఇక్కడ కొంచెం విడమరిచి చెప్తాను. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం తగ్గుతుంది. అప్పుడు కిడ్నీ తనకి రక్తం తెచ్చే సన్న నాళాన్ని ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల సాయంతో తెరిచి పెట్టుకుంటుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఆ ప్రోస్టాగ్లాండిన్లనే ఆపేస్తాయి. ఏసీ ఆఫీసులో కూర్చుని, నీళ్లు తాగే, మంచి కిడ్నీలున్న మనిషికి తలనొప్పికి రెండు మాత్రలు వేస్తే ఏం కాదు. అదే మాత్ర ఎండలో, చెమటతో లీటర్ల కొద్దీ నీరు పోతున్న మనిషికి, నెలల తరబడి, సగం పోయిన కిడ్నీతో వేస్తే మామూలు మాత్ర కాదు. కిడ్నీ జబ్బుల మీద అంతర్జాతీయంగా వాడే 2012 కేడిగో గైడ్‌లైన్స్ కూడా జీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 60 కంటే తక్కువుంటే ఎక్కువ కాలం వాడొద్దని, 30 కంటే తక్కువైతే అసలే వద్దని చెప్తున్నాయి. దాని పైన జెంటామైసిన్ ఇంజెక్షన్లు ఉండనే ఉన్నాయి, అదీ కిడ్నీకి హాని చేయగల యాంటీబయాటిక్కే.

టెస్టులు

డిప్‌స్టిక్‌లో (మూత్రంలో ముంచి చూసే పట్టీ) ప్రోటీన్ కాస్తంత, తెల్ల కణాలు బాగా, నైట్రైట్ (బ్యాక్టీరియా ఉంటే సాధారణంగా కనిపించేది) లేదు, రక్తం లేదు, షుగర్ లేదు, స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే మూత్రం చిక్కదనం, 1.010. చివరిది చూశాకే నాకు టెన్షన్ పట్టుకుంది. నాలుక ఎండిపోయిన మనిషికి మూత్రం చిక్కబడాలి కదా, చిక్కబడటం లేదంటే కిడ్నీకి ఆ పని చేతకావడం లేదని.

మా దగ్గర ఐ-స్టాట్ అనే చేతిలో పట్టే రక్త పరీక్ష మిషన్ ఉంది. ఇలాంటి చోట్లకి తీసుకెళ్లేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోండి, అది 16 నుంచి 30 డిగ్రీల మధ్యే పనిచేస్తుంది. ఆ బడి గదిలో మధ్యాహ్నం 36 ఉండేది. మిషన్ ఎర్రర్ చూపించి ఊరుకునేది. వ్యాన్‌లో ఏసీ వేసి, వెనక సీటు మీద పెట్టి చేసేవాళ్లం. క్యాట్రిడ్జిలు ఐస్ పెట్టెలో ఉంచి, వాడేముందు కాసేపు బయట పెట్టాలి. ఈ తతంగం వల్ల రోజుకి కొద్దిమందికే చెయ్యగలిగేవాళ్లం, కాబట్టి ఎవరికి చెయ్యాలో పొద్దున్నే డాక్టరమ్మతో కూర్చుని అనుకునేవాళ్లం.

క్రియాటినిన్ 2.6. పొటాషియం 3.3, తక్కువ. హిమోగ్లోబిన్ 11 పైన. అంచనా జీఎఫ్ఆర్ 31. అంటే 31 ఏళ్లకి కిడ్నీల పని మూడోవంతుకి దగ్గర పడింది.

వేరే ఏమై ఉండొచ్చు అన్నది కూడా గట్టిగానే చూశాం. నైట్రైట్ లేదు, జ్వరం లేదు, తర్వాత చినాందేగా ల్యాబ్‌కి పంపిన కల్చర్‌లో ఏమీ పెరగలేదు, కాబట్టి బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ కాదు. ఈ ఊళ్లలో చిస్తాతాకి యాంటీబయాటిక్ ఇవ్వడం అలవాటు, చాలాసార్లు అనవసరం. సుఖవ్యాధుల గురించి భార్యని బయటకి పంపి విడిగా అడిగాను, డిశ్చార్జ్ లేదు. లెప్టోస్పైరోసిస్‌ని (ఎలుకల్లాంటి జంతువుల మూత్రం వల్ల వచ్చే ఇన్ఫెక్షన్) ఆ దేశంలో మర్చిపోకూడదు, 1995లో లియోన్ జిల్లా అచువాపాలో ఊపిరితిత్తుల్లో రక్తం కారి జనం పోయింది దానివల్లే. కానీ ఇతనికి జ్వరం, కామెర్లు, కళ్లెర్రబడటం ఏదీ లేదు, ఇది నెలల నాటి కథలా ఉంది. కండరాలు చితికి వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి రావడమా అంటే డిప్‌స్టిక్‌లో రక్తం చూపించలేదు. తర్వాత తీయించిన అల్ట్రాసౌండ్‌లో రెండు కిడ్నీలూ కాస్త చిన్నవి, తెల్లగా. రాళ్లు, అడ్డం ఏమీ లేదు. తక్కువ ప్రోటీన్, తక్కువ పొటాషియం, మామూలు బీపీ, చిన్న వయసు, చెరకు కోత, తండ్రి అలాగే పోవడం, అన్నీ ఒకేవైపు చూపిస్తున్నాయి. పాత జబ్బు మీద కొత్త దెబ్బ, అదే మా అంచనా. బయాప్సీ చెయ్యలేదు, అక్కడ దానివల్ల అతనికి ఒరిగేది లేదు.

ఆ అంకె ఎవరికి తెలియాలి

ఈ కేసులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వైద్యం కాదు. 2.6 అన్న అంకె.

అక్కడ మిల్లులు సీజన్ మొదట్లో రక్త పరీక్ష చేస్తాయి. క్రియాటినిన్ ఎక్కువుంటే పనిలోకి తీసుకోరు. పైకి చూస్తే మంచిదే, జబ్బు మనిషిని ఎండలోకి పంపకూడదు కదా. కానీ వేరే పని లేదు. దాంతో వాళ్లు కాంట్రాక్టర్ల దగ్గరికి వెళ్తారు, ఒక్కోసారి వేరేవాళ్ల కార్డు మీద కూడా. అక్కడ పరీక్షా ఉండదు, నీడా ఉండదు, నీళ్లూ సరిగ్గా ఉండవు. సోషల్ సెక్యూరిటీలో కట్టిన వారాలు సరిపోతే పెన్షన్ వస్తుంది, వేరే పేరు మీద చేసిన వారాలు ఎవరి ఖాతాలో పడతాయి?

ఇప్పుడు మా క్యాంప్ చూడండి. బడి గదిలో నాలుగు బల్లలు, మధ్యలో తెర లేదు. ఇంటర్ప్రెటర్ గట్టిగా చదువుతుంది. కిటికీలో పిల్లలు. క్యూలో అతని మేస్త్రీ కూడా ఉన్నాడు. అక్కడ నేను "క్రియాటినిన్ రెండు పాయింట్ ఆరు" అంటే చాలు, పొద్దుగూకేసరికి ఊరంతా తెలుస్తుంది, మర్నాడు అతనికి పని ఉండదు. అందుకే మొదటి రోజే డాక్టరమ్మ ఒక పద్ధతి పెట్టించారు: రక్త పరీక్ష ఫలితాలన్నీ వ్యాన్ దగ్గరే, ఆవిడ ఉన్నప్పుడే, కాగితం పేషెంట్ చేతికే. మా టీమ్ రికార్డులో పేరు బదులు నంబర్. టీమ్‌లో ఒకరు దీన్ని "అనవసరపు రహస్యం" అన్నారు. సొంత దేశంలో చట్టం ప్రకారం పేషెంట్ పేరు లిఫ్టులో కూడా పలకని మనిషి, ఇక్కడ పల్లెటూరు కదా అని నోరు జారుతున్నారు. ఫోటోల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

అతనికి చెప్పేటప్పుడు డాక్టరమ్మే చెప్పారు, నేను పక్కన కూర్చున్నాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది ఒక్కటే, "మిల్లుకి చెప్తారా డాక్టర్ గారూ?" చెప్పం అన్నారావిడ.

ఏం చేశాం

చేసింది చాలా తక్కువ. ఐబుప్రొఫెన్ ఆపించాం, నొప్పికి పారాసిటమాల్ ఇచ్చాం. యాంటీబయాటిక్ ఇవ్వలేదు, అందుకు అతను కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా. ఓఆర్ఎస్ పొట్లాలు, అక్కడ సుఎరో అంటారు, పనికి ముందు, మధ్యలో, తర్వాత ఎలా తాగాలో భార్యకి చూపించాం. పొటాషియం మాత్రలు ఇవ్వలేదు. జీఎఫ్ఆర్ 31 ఉన్న మనిషికి పొటాషియం ఇచ్చి, మళ్లీ పరీక్ష చేసే దిక్కులేకుండా వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు, అరటిపళ్లు తినమన్నాం. బీపీ మందు, ముఖ్యంగా ఏసీఈ ఇన్హిబిటర్, వద్దనుకున్నాం. ప్రోటీన్ పోవడం లేదు, బీపీ లేదు, ఒంట్లో నీరు లేదు, ఆ మందు అప్పుడు మొదలెడితే క్రియాటినిన్ ఇంకా పెరగొచ్చు. పెద్ద కిడ్నీ పుస్తకం ప్రకారం నడిచే రెసిడెంట్ ఒకతను దీనిమీద వాదించాడు, వాదన బాగానే చేశాడు, కానీ ఆ పుస్తకం రాసింది షుగర్ పేషెంట్లని చూసి.

వారం పని మానమన్నాం. మూడు రోజులకి ఒప్పుకున్నాడు. రెండు రోజుల తర్వాత వ్యాన్ దగ్గరికి పిలిచి మళ్లీ చూస్తే 2.4. మంట తగ్గింది. స్పానిష్‌లో కేసు కాగితం రాసి ఆరోగ్య కేంద్రం ఫైల్లో పెట్టించాం, "నొప్పి మందులు, జెంటామైసిన్ వద్దు" అని పైన ఎర్ర ఇంకుతో.

అసలు గొడవ ఆ సాయంత్రం ఫార్మసీ గదిలో జరిగింది. మా బాక్సుల్లో కూడా ఐబుప్రొఫెన్ ఉంది, వేలల్లో, విరాళంగా వచ్చింది. తీసేద్దామన్నాను. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మలకి ఏమిస్తాం, పారాసిటమాల్ ఇంత లేదు కదా, తెచ్చింది వెనక్కి తీసుకెళ్లాలా, ఇవన్నీ నిజమైన ప్రశ్నలే. చివరికి డాక్టరమ్మ మాటతో తేలింది. ఆవిడ ఏమన్నారంటే, మీరు ఇవ్వకపోతే కొట్లో కొంటారు, కానీ మీరు ఇస్తే అది మంచి మందు అని సర్టిఫికెట్ ఇచ్చినట్టు, తర్వాత నేను వద్దంటే ఎవరూ వినరు. ఐబుప్రొఫెన్ అంతా పక్కన పెట్టేశాం. మిగిలిన రోజుల్లో క్యూలో చాలామంది మొహం మాడ్చుకున్నారు. కవరు లేకుండా వెళ్లడమంటే అక్కడ క్యాంపుకి వచ్చినట్టే కాదు.

తర్వాత

డాక్టరమ్మతో వాట్సాప్‌లో మాట్లాడుతూ ఉన్నాం. మే నెలలో, కోత అయిపోయాక, ఆరోగ్య కేంద్రం ద్వారా చేయించిన పరీక్షలో 2.1. జీఎఫ్ఆర్ 40కి దగ్గర. మూడు నెలలు దాటినా మామూలుకి రాలేదు కాబట్టి ఇది క్రానిక్, అంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బే అని ఖాయమైంది, కొంత తిరిగొచ్చింది కాబట్టి ఫిబ్రవరిలో పైన కొత్త దెబ్బ ఉందనీ తెలిసింది. ఆ తిరిగొచ్చిన దాంట్లో మాత్రలు ఆపడం వాటా ఎంత, కోత ఆగడం వాటా ఎంత, నీళ్ల వాటా ఎంత అని ఒక్క కేసుతో చెప్పలేం. చెప్తే అబద్ధం.

నవంబర్‌లో మిల్లు పరీక్షలో అనుకున్నట్టే పక్కన పెట్టారు. కొన్నాళ్లు భార్య తోర్తియాలు (అక్కడి రొట్టెలు) చేసి అమ్మింది. జనవరికల్లా అతను కాంట్రాక్టర్ కింద రాత్రిపూట చేలకి నీళ్లు పెట్టే పనికి కుదిరాడు. కోత కాదు, ఎండ లేదు, ఆ మాటకొస్తే మేం చెప్పగలిగిన ఏ సలహా కంటే అదే నయం. 2018 మార్చిలో క్రియాటినిన్ 2.3.

ఆ ఏప్రిల్‌లో నికరాగువాలో గొడవలు మొదలయ్యాయి, రోడ్లన్నీ బంద్, మా తర్వాతి ట్రిప్ రద్దు. డాక్టరమ్మ సోషల్ సర్వీస్ అయిపోయి వేరే ఊరు వెళ్లారు. విదేశీ టీమ్ మీద ఆధారపడి ఏదైనా పెడితే ఇదే జరుగుతుంది, టీమ్ రాని ఏడాది అంతా ఆగిపోతుంది. ఈ కేసు ఆగిపోలేదంటే దానికి కారణం కాగితం ఆరోగ్య కేంద్రం ఫైల్లో ఉండటం, ఒక బ్రిగదిస్తా అతని ఇంటి పక్కనే ఉండటం. 2019లో ఆమె నుంచి కబురొచ్చింది, 2.9 ఉందనీ, డయాలసిస్ దాకా రాలేదనీ, నొప్పి మాత్రలు ముట్టడం లేదనీ. 2.9 మంచి అంకె కాదు, అది మెల్లగా పోతోంది.

డయాలసిస్ మాట అక్కడ ఎత్తడమే కష్టం. ఒకసారి మొదలెడితే ఎన్నాళ్లో బతకరని ఊళ్లో నమ్మకం. ఆఖరి దశలో వెళ్తారు కాబట్టి ఆ నమ్మకం నిజమవుతూ ఉంటుంది కూడా. పరిస్థితి చేజారకముందే అతనికి, భార్యకి కలిపి దీని గురించి చెప్పమని బ్రిగదిస్తాకి రాశాను.

మా టీమ్ విషయానికొస్తే, ఇప్పుడు ఏ దేశం వెళ్లినా మందుల లిస్టు మేం తయారు చెయ్యం. ఆ ఊరి ఆరోగ్య కేంద్రాన్ని అడుగుతాం, వాళ్లు వాడే లిస్టులో ఉన్నవే తీసుకెళ్తాం. వీలైతే ఆ దేశంలోనే కొంటాం, అప్పుడు లేబుల్ కూడా వాళ్ల భాషలో ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ విరాళం మందుల గైడ్‌లైన్స్ 1996 నుంచీ ఉన్నాయి, 2010లో మళ్లీ సవరించారు. అడిగినవే పంపండి, చేరేసరికి కనీసం ఏడాది గడువుండాలి, వాడగా మిగిలినవీ శాంపిళ్లూ వద్దు అని అందులో సూటిగానే ఉంది. చదివినవాళ్లు తక్కువ. అందరికీ ఒకే కవరు పద్ధతి ఎత్తేశాం. ఎండలో పనిచేసే ఊళ్లయితే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రాక్సెన్ బాక్సులోకి ఎక్కవు. విరాళం వస్తే తిరిగి పంపేస్తున్నాం, దాంతో ఒకరిద్దరు దాతలు అలిగి మానేశారు. ఆ మిషన్ క్యాట్రిడ్జిలకి పెట్టే డబ్బులో సగం ఇప్పుడు దగ్గర్లోని పట్టణం ల్యాబ్‌కి ముందుగానే కడుతున్నాం, మేం వెళ్లిపోయాక మూడు నెలలకి చెయ్యాల్సిన పరీక్ష కోసం. ఆ డబ్బు కట్టలేని ఊళ్లో క్రియాటినిన్ చూడం.